ఆ కానుకల సంచి పక్కకు జరిపింది నేనే

అమెరికాలోని తెలుగు క్రైస్తవ సంఘాల పాస్టర్లకు, సంఘ పెద్దలకు,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

నేను గుంటూరు జిల్లా పల్లెటూరి మనిషిని. లూథరన్ ఇంట్లో పుట్టాను. పద్దెనిమిదేళ్ళుగా నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటున్నాను. మన సంఘంలో పన్నెండేళ్ళు కుర్చీలు వేశాను, కానుకలు పట్టాను, మీటింగులకు మీరు వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకు కారు తీసుకొచ్చాను. మీలో కొందరు మా ఇంట్లో భోంచేశారు. ఈ మాట మీకు ఫోన్లో చెప్పొచ్చు. చెబితే ఓపిగ్గా వింటారు, "ప్రార్థన చేద్దాం తమ్ముడూ" అంటారు, నిజంగానే ప్రార్థన చేస్తారు, విషయం అక్కడితో ఆగిపోతుంది. నేను తప్పు చేసింది పదిమందిలో. చెప్పుకోవడం కూడా పదిమందిలోనే జరగాలని ఇలా రాస్తున్నాను.

ఏడేళ్ళ కిందటి సంగతి. మనం ఆరాధన పెట్టుకునేది తెల్లవాళ్ళ చర్చిలో అని మీకు తెలుసు. పొద్దున వాళ్ళది అయిపోయాక మధ్యాహ్నం రెండింటి నుంచి మనకు అద్దెకిస్తారు. ఆ ఆదివారం రెండో పాట పాడుతుండగా ఒక నల్లజాతి పెద్దాయన తలుపు దగ్గరికి వచ్చారు. అరవై దాటి ఉంటాయి. బూడిద రంగు సూటు, చేతిలో టోపీ. పాట వినపడి వచ్చానని, కాసేపు కూర్చోవచ్చా అని నన్నే అడిగారు. కూర్చోమన్నాను. చిట్టచివరి వరసలో, గోడ పక్క కుర్చీ చూపించాను. ముందు వరసల్లో ఆరేడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. యాకోబు పత్రిక రెండో అధ్యాయం సండే స్కూల్ పిల్లలకు కంఠతా పట్టించింది నేనే. ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నారని యాకోబు అడిగిన ప్రశ్న ఆ రోజు నాకు గుర్తుకు రాలేదు.

తర్వాత కానుకల సమయం. ఎర్ర వెల్వెట్ సంచి పట్టుకుని వరస వరసకూ వెళ్తున్నాను. చివరి వరసకు వచ్చేసరికి ఆయన కోటు లోపలి జేబులోకి చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి లోపలికి వెళ్ళడం చూసి నా ఒళ్ళు బిగుసుకుపోయింది. సంచి ఆయన ముందు ఆపలేదు. పక్కకు జరిపి, రెండు కుర్చీల అవతలున్న మన తెలుగు అబ్బాయి ముందుకు చాపాను. జేబులోంచి చెయ్యి బయటికి వచ్చింది. అందులో మడత పెట్టిన ఇరవై డాలర్ల నోటు ఉంది. గోరంత అయ్యేదాకా మడిచిన నోటు. ఇంటి దగ్గరే మడిచి పెట్టుకున్నారేమో. ఆయన ఆ నోటు పట్టుకుని నా వైపు చూశారు. నేను అప్పటికే వెనక్కి తిరిగాను.

ఆరాధన అయ్యాక పులిహోర, బిర్యానీ ట్రేలు తెరుస్తుంటే ఆయన ఆగలేదు. తలుపు పక్కన పాటల పుస్తకాలు పెట్టే బల్ల మీద ఆ నోటు ఉంచి, గాలికి పోకుండా పైన ఒక పుస్తకం పెట్టి వెళ్ళిపోయారు. దాన్ని తీసి సంచిలో వేసింది నేనే. లెక్కల పుస్తకంలో "పేరు తెలియని వారు, 20 డాలర్లు" అని రాసింది కూడా నేనే. ఆయన పేరు నేను అడగలేదు. అడగకుండా తెలియదని రాశాను. ఆ రాత్రి ఇంట్లో ఈ సంగతి చెప్పిన తీరు కూడా రాస్తాను. "ఇవాళ ఒక నల్లోడు వచ్చాడు, కాసేపు టెన్షన్ అయింది" అన్నాను. "జాగ్రత్త" అంది మా ఆవిడ. అంతే. అన్నం తిని పడుకున్నాం.

ఆయన మళ్ళీ రాలేదు.

ఇది పాపమని నాకు ఎవరూ ప్రసంగంలో చెప్పలేదు. చెప్పింది ఒక తెల్ల ముసలావిడ. ఒక జూన్ నెల బుధవారం సాయంత్రం చర్చి తాళం చెవులు ఇవ్వడానికి వెళ్ళాను. అక్కడ ఏడెనిమిది మంది పెద్దవాళ్ళు చిన్న గదిలో కూర్చుని ఉన్నారు. సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో, నల్లవాళ్ళ చర్చి మీద జరిగిన కాల్పుల్లో చనిపోయిన తొమ్మిది మంది కోసం ప్రార్థన అన్నారు, నన్నూ కూర్చోమన్నారు. ప్రార్థనకు ముందు ఒకావిడ లేచారు. ఎనభై దాటాయి, మాట కాస్త వణుకుతోంది. తన చిన్నప్పుడు ఇంట్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ గురించి చెప్పారు. తనకు స్నానం చేయించిందీ, జడ వేసిందీ, జ్వరం వస్తే పక్కన కూర్చున్నదీ ఆమే. ఆమె నీళ్ళు తాగడానికి వంటింటి సింకు కింద వేరే గాజు సీసా ఉండేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె ఇంట్లోవాళ్ళ గ్లాసుతో నీళ్ళు తాగడం తొమ్మిదేళ్ళ ఈ పిల్ల చూసింది. వెళ్ళి అమ్మకు చెప్పింది. మరుసటి వారం నుంచి ఆమె పనికి రాలేదు. "ఆమెను పేరు పెట్టే పిలిచేవాళ్ళం. ఇంటిపేరు ఏమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. నన్ను పెంచిన మనిషి ఇంటిపేరు. చాడీ చెప్పింది నేనే" అని ఆవిడ కూర్చున్నారు. ఎవరూ ఆవిణ్ణి ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే మంచిదైంది.

నేను మాత్రం ఆ గదిలో లేను. చిన్ననాటి మా ఊరి ఇంటి వెనక వసారాలో ఉన్నాను. అక్కడ చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. మా పాలేరు గ్లాసు. తాగి, తనే కడిగి, తనే చూరులో దోపుకునేవాడు. సాయంత్రం అందులో టీ పోసే పని నాది. "ఎత్తి పొయ్యిరా, తగలనియ్యకు" అనేది మా నాయనమ్మ. ఆమె రోజూ తెల్లవారుజామున మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకునే మనిషి. ఆ పాలేరూ క్రైస్తవుడే. మా గుడి ఊళ్ళో, ఆయన గుడి పల్లెలో. ఒకే సినడు, ఒకే పాటల పుస్తకం, ఒకే పాస్టరు గారు పొద్దున అక్కడ, తర్వాత ఇక్కడ. అందరూ ద్రాక్షరసం తాగే ప్రభువు బల్ల గిన్నె మాత్రం రెండు గుళ్ళకూ రెండు. ఆయన పేరు ఇక్కడ రాయను, ఆయన పిల్లలు ఉన్నారు. మా నాన్న వయసున్న ఆయన్ని పదేళ్ళప్పుడే నేను "ఒరేయ్" అని పిలిచాను.

ఆ గ్లాసు ఎత్తి పోసిన చెయ్యీ, ఈ సంచి పక్కకు జరిపిన చెయ్యీ ఒకటే. అమెరికా వచ్చాక నల్లవాళ్ళ మీద భయం ఇక్కడి టీవీ చూసి నేర్చుకున్నానని అనుకునేవాణ్ణి. కాదు. ఆ చెయ్యి గుంటూరు నుంచే అలవాటు పడి వచ్చింది. ఇక్కడ దానికి ఇంకో మనిషి దొరికాడు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశానికి వచ్చినప్పుడు త్రివేండ్రంలో ఒక దళిత పిల్లల బడిలో, అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడని ఆయన్ని పరిచయం చేశారట. మొదట మనసు చివుక్కుమందనీ, తర్వాత అది నిజమేనని ఒప్పుకున్నాననీ ఆయనే 1965లో తన చర్చి ప్రసంగంలో చెప్పారు. ఆయనకు కొద్దిసేపట్లో అర్థమైనది నాకు అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అయ్యలారా, ఇప్పుడు మీతో అసలు మాట. మన సంఘాల్లో సాక్ష్యాల సమయం ఉంది. తాగుడు మానినవాడు సాక్ష్యం చెబుతాడు. పేకాట మానినవాడు చెబుతాడు. వీసా వచ్చినవాడు, ఆపరేషన్ బాగా జరిగిన అక్క, పరీక్ష పాసైన పిల్ల, అందరూ చెబుతారు. ఈ పద్దెనిమిదేళ్ళలో ఒక్కరు లేచి "నేను నల్లవాణ్ణి మనిషిగా చూడలేదు, దేవుడు నన్ను పట్టుకున్నాడు" అని చెప్పగా నేను వినలేదు. "నేను కులం చూసి మా అమ్మాయి సంబంధం చెడగొట్టాను" అని చెప్పగా వినలేదు. నేనూ చెప్పలేదు.

ప్రతి ఆదివారం పాపాల ఒప్పుకోలు చదువుతాం కదా అంటారేమో. చదువుతాం. తలంపుల్లో, మాటల్లో, క్రియల్లో పాపం చేశామని అందరం ఒకే గొంతుతో అంటాం. ఆ ప్రార్థన మీద నాకు గౌరవం ఉంది, చిన్నప్పటి నుంచి నా నోట్లో ఉన్నది అది. కానీ ఏడేళ్ళు నేను దాని వెనకే దాక్కున్నాను. "మేము" అన్నప్పుడల్లా "నేను" తప్పించుకున్నాను.

ఈ దేశపు తెల్ల క్రైస్తవులు పడ్డ తంటా చూస్తే ఆ తేడా తెలుస్తుంది. బానిసల యజమానులు మిషనరీలుగా వెళ్ళవచ్చా అన్న తగాదా మీద 1845లో జార్జియాలోని అగస్టాలో దక్షిణాది బాప్టిస్టులు విడిపోయి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది 1995లో. మధ్యలో 150 ఏళ్ళు. ఆ తీర్మానం మంచిదే. అయితే నన్ను కదిలించింది అది కాదు, 2018లో లూయివిల్‌లోని వాళ్ళ సెమినరీ, అంటే పాస్టర్లను తయారుచేసే విద్యాలయం, తన చరిత్ర తానే తవ్వుకుని బయటపెట్టిన నివేదిక. సెమినరీ స్థాపించిన నలుగురు పండితులకూ బానిసలు ఉన్నారని, అందరికీ కలిపి యాభై మందికి పైగా ఉన్నారని అందులో రాసుకున్నారు. తమ భవనాల మీద ఎవరి పేర్లు ఉన్నాయో ఆ పేర్లే రాశారు. "పాపం జరిగింది" అనడం ఒకటి, "ఇదిగో వీళ్ళు, ఇంతమందిని" అనడం ఇంకొకటి. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు సహోదరులు మాది అమెరికా ఉత్తరాది మిషన్ కదా అని ఊరట పడవద్దు. లూథరన్లమైన మా సంగతి ఇప్పుడే చెబుతాను.

1832లో చార్లెస్టన్‌కు చెందిన జెహు జోన్స్ అనే నల్లజాతి లూథరన్ న్యూయార్క్‌లో పాస్టరుగా అభిషేకం పొందారు. అమెరికాలో మొట్టమొదటి నల్లజాతి లూథరన్ పాస్టరు ఆయనే. ఆఫ్రికాకు మిషనరీగా వెళ్ళాలన్నది ఉద్దేశం. ఊరికి తిరిగి రాగానే ఆయన్ని జైల్లో పెట్టారు. స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్ళు రాష్ట్రం దాటి వెళ్ళి తిరిగి రాకూడదని అక్కడ చట్టం. తర్వాత పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా వెళ్ళి అక్కడ నల్లవాళ్ళకు ఒక గుడి కట్టారు. అప్పు తీర్చలేక కొన్నేళ్ళకే ఆ గుడి చేజారింది. అదే కాలంలో, అదే పెన్సిల్వేనియా లూథరన్లు ఓడ ఎక్కించి పంపిన ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరులో దిగారు. మా తాతల నాటి నుంచి మా ఇంట్లో హయ్యర్ గారి పేరు తలవని పండగ లేదు. నేను అక్షరాలు నేర్చుకున్న బడి, మా అమ్మ నన్ను కన్న ఆసుపత్రి, అన్నీ ఆ మిషన్ చలవే. ఆ ఋణం కాదనను. కానీ సముద్రం అవతల ఉన్న మన ఆత్మలు వాళ్ళకు అంత విలువైనవిగా కనిపించినప్పుడు, ఊళ్ళోనే ఉన్న జెహు జోన్స్ గుడి అప్పు ఎందుకు కనిపించలేదు? ఈ ప్రశ్న మనం ఎప్పుడూ అడగలేదు. జోన్స్ గారి పేరే మనకు తెలియదు. ఆయనకు కాపరిగా ఉన్న చార్లెస్టన్ లూథరన్ పాస్టరు జాన్ బాక్‌మన్, 1860లో సౌత్ కరోలినా అమెరికా నుంచి విడిపోవడానికి పెట్టుకున్న సభలో ప్రార్థన చేశారు.

ఆ చార్లెస్టన్‌లోనే 2015 జూన్ 17న ఇమ్మానుయేలు అనే నల్లవాళ్ళ చర్చిలో బుధవారం బైబిలు స్టడీకి ఇరవై ఒక్క ఏళ్ళ తెల్ల కుర్రాడు వచ్చాడు. వాళ్ళు అతన్ని ఎవరని గుచ్చి గుచ్చి అడగలేదు. పాస్టరు పక్కనే కుర్చీ ఇచ్చారు. ఆ రోజు పాఠం మార్కు సువార్త నాలుగో అధ్యాయం, విత్తువాని ఉపమానం. దాదాపు గంటసేపు వాళ్ళతో కూర్చుని, అందరూ ప్రార్థనకు కళ్ళు మూసుకున్నాక కాల్చాడు. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్ళలో సూసీ జాక్సన్ గారికి 87 ఏళ్ళు. కాల్చినవాడు లూథరన్ సంఘ సభ్యుడు. చనిపోయిన పాస్టర్లలో ఇద్దరు, క్లెమెంటా పింక్నీ, డేనియల్ సిమన్స్, లూథరన్ సెమినరీలో చదువుకున్నవాళ్ళు. చంపినవాడూ మావాడే, చనిపోయినవాళ్ళూ మావాళ్ళే.

రెండు రోజుల తర్వాత కోర్టులో ఆ కుటుంబాల వాళ్ళు కొందరు అతన్ని క్షమిస్తున్నామన్నారు. ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది. నేనూ పంపాను. ఎంత గొప్ప క్షమ అని ఏడ్చాం. ఆ ఏడుపు అబద్ధం అనను. కానీ ముక్కూ ముఖం తెలియని తెల్ల కుర్రాడికి వాళ్ళు ముందు కుర్చీ ఇచ్చారు. ముక్కూ ముఖం తెలియని నల్ల పెద్దాయనకు నేను గోడ పక్క కుర్చీ ఇచ్చాను. అది వాళ్ళకు ప్రాణాల మీదికి తెచ్చింది. నాకు ఏ ప్రమాదమూ రాలేదు, ఇరవై డాలర్లు వచ్చాయి.

మన ప్రసంగాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఒక ఉపవాస ప్రార్థనకు ఇండియా నుంచి వచ్చిన ప్రసంగీకుడు, నోవహు శాపం వల్లే హాము సంతానమైన ఆఫ్రికావాళ్ళు దాసులయ్యారని చెప్పాడు. గదిలో నలభై మందిమి ఉన్నాం. ఆమెన్ అన్నాం. ఆదికాండం తొమ్మిదో అధ్యాయం తెరిచి చూడండి. నోవహు శపించింది హామును కాదు, కనానును. ఆఫ్రికా మాట అక్కడ లేనే లేదు. బానిసల యజమానులు తమ పొలాల కోసం, తమ లాభం కోసం వాడుకున్న వ్యాఖ్యానం అది. వాళ్ళ మనవలు సిగ్గుపడి వదిలేసినదాన్ని మనం ఏరుకొచ్చి తెలుగులో చెప్పుకుంటున్నాం. మన పిల్లలకు సెలవుల బైబిలు క్లాసుల్లో నల్ల కాగితం చూపించి ఇది పాపం, తెల్ల కాగితం చూపించి ఇది పరిశుద్ధత అని నేర్పుతున్నాం. ఆ క్లాసుకు ఒక నల్లజాతి పిల్ల వస్తే ఆ కాగితం చూసి ఏమనుకోవాలి? మీలో ఎవరికైనా జవాబు తెలిస్తే చెప్పండి, నేను రెండేళ్ళు ఆ కాగితం పట్టుకుని నిలబడ్డవాణ్ణే.

ఇక "ఏరియా" మాట. కొత్తగా షార్లెట్ వచ్చిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఇల్లు ఎక్కడ తీసుకోవాలో నేనే చెప్పేవాణ్ణి. "అటు వద్దు, ఆ ఏరియా మంచిది కాదు" అనేవాణ్ణి. మంచిది కాదంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఈ నగరం నడిబొడ్డున బ్రూక్లిన్ అని ఒక నల్లవాళ్ళ పేట ఉండేదని, 1960ల్లో అభివృద్ధి పేరుతో దాన్ని నేలమట్టం చేసి వెయ్యికి పైగా కుటుంబాలను, వాళ్ళ చర్చిలతో సహా లేవగొట్టారని నాకు పదహారేళ్ళ తర్వాత తెలిసింది. నాగార్జునసాగర్ కింద ఊరు పోయినవాళ్ళ బాధ మా జిల్లాలో చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి. ఇక్కడ ఊరు పోయినవాళ్ళను చూసి మాత్రం వీళ్ళు బాగుపడరని తీర్పు చెప్పాను.

అసలు మనం ఇక్కడికి ఎలా వచ్చాం? 1965కు ముందు భారతీయులకు ఏడాదికి వంద చొప్పున వలస కోటా. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. దానికోసం నల్లవాళ్ళు కుక్కల చేత కరిపించుకున్నారు, జైళ్ళకు వెళ్ళారు, బర్మింగ్‌హామ్‌లో సండే స్కూల్ పిల్లలు నలుగురిని బాంబుకు పోగొట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాదే జాతి కోటాలు తీసేసిన వలస చట్టం వచ్చింది. మనం నడిచి వచ్చిన తలుపు వాళ్ళ భుజాలతో తెరిచింది. వచ్చాక మనం ఆ తలుపు దగ్గర నిలబడి, వాళ్ళు లోపలికి వస్తే జేబు వైపు చూస్తున్నాం.

మనమూ బాధితులమే కదా అని మీరు అంటే కాదనను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేత్‌లో మన శ్రీనివాస్ కూచిభొట్లను, నా దేశం వదిలి పో అంటూ కాల్చి చంపినప్పుడు ఆ రాత్రి ఎవరం నిద్రపోలేదు. నేను వారం రోజులు బయట తెలుగు మాట్లాడలేదు. ఒంటి రంగు చూసి మనిషిని చంపుతారన్న భయం నాకు ఒక వారం ఉంది. మూడేళ్ళ తర్వాత మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపినప్పుడు, అవే గ్రూపుల్లో మనం మాట్లాడుకున్నది పగిలిన షాపుల అద్దాల గురించి. నా ఫోన్ పాత మెసేజీలు వెనక్కి వెళ్ళి చూశాను. ఫ్లాయిడ్ పేరు నేను ఒక్కసారి కూడా రాయలేదు.

"ఇది రాజకీయం, సువార్త కాదు" అంటారని నాకు తెలుసు. గలతీయుల పత్రిక రెండో అధ్యాయం తీయండి. అంతియొకయలో పేతురు చేసింది ఏమిటి? అన్యజనులతో కలిసి భోంచేస్తూ, యెరూషలేము నుంచి యూదులైన తనవాళ్ళు రాగానే బల్ల దగ్గరి నుంచి పక్కకు జరిగాడు. అంతే. ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. పౌలు దాన్ని సువార్త సత్యానికే విరుద్ధమని అందరి ముందూ ముఖం మీదే చెప్పాడు. పేతురుకు అప్పటికే అన్యుడైన కొర్నేలి ఇంట్లో అంత పెద్ద పాఠం జరిగింది. అయినా పాత అలవాటు మళ్ళీ పట్టుకుంది. కాబట్టి నేను ఒకసారి ఏడ్చాను, ఇక మారిపోయానని కూడా మీకు చెప్పను. పోయిన నెల పార్కింగ్ లాట్‌లో ఇద్దరు నల్ల కుర్రాళ్ళు ఎదురొస్తే కారు లాక్ బటన్ మీదికి నా వేలు వెళ్ళింది. వెళ్ళాక తెలిసింది.

మేముండే ఈ ఊరి సంగతి ఇంకొకటి ఉంది. 1957 సెప్టెంబరు 4న పదిహేనేళ్ళ డొరతీ కౌంట్స్ షార్లెట్‌లోని హార్డింగ్ హైస్కూలుకు మొదటి నల్లజాతి విద్యార్థినిగా నడిచి వెళ్ళింది. వెనక తెల్ల పిల్లల గుంపు, ఎగతాళి, ఉమ్ములు, రాళ్ళు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ పిల్ల తల పైకెత్తి నడుస్తూ ఉంటుంది, వెనక నవ్వుతున్న ముఖాలు. ఆ నవ్విన పిల్లల్లో చాలామంది ఆదివారం గుడికి వెళ్ళేవాళ్ళే అయి ఉంటారు. నాలుగు రోజులకే తల్లిదండ్రులు ఆమెను బడి మాన్పించారు. 49 ఏళ్ళ తర్వాత, 2006లో, ఆ ఫొటోలో ఉన్న ఒకాయన ఆమెకు కబురు పెట్టి, కలిసి, ఆ గుంపులో ఉన్నది నేనే, నన్ను క్షమించమని అడిగారు. ఆమె ఎప్పుడో క్షమించానన్నారు. తర్వాత ఇద్దరూ కలిసి ఆ సంగతి చెప్పుకుంటూ జనం ముందుకు వచ్చారు. ఆ ఫొటో చాలాసేపు చూశాను. అన్ని ముఖాల్లో ముందుకొచ్చి నేనేనని చెప్పిన ముఖం అది. మిగతావాళ్ళు కూడా ఈ ఊళ్ళోనే బతికారు, ముసలివాళ్ళయ్యారు, బహుశా మనకు చర్చి అద్దెకిచ్చే కమిటీల్లోనూ కూర్చున్నారు.

నేను మిమ్మల్ని కమిటీ వెయ్యమని అడగడం లేదు. ఫిబ్రవరిలో, నల్లజాతి చరిత్ర మాసమని, ఒక నల్లజాతి పాస్టరును పిలిచి, దండ వేసి, ఫొటో తీసుకుని పంపమని అసలే అడగడం లేదు. సంఖ్యాకాండం పన్నెండో అధ్యాయంలో మోషే భార్య కూషు దేశపు స్త్రీ అని ఆయన అక్క మిర్యాము మాట్లాడిన మాటకు దేవుడు ఏం చేశాడో మీకు నాకంటే బాగా తెలుసు. మంచులా తెల్లబడిన కుష్ఠం. నల్లజాతి స్త్రీని తక్కువ చేసిన నోటికి వచ్చిన రోగం రంగు చూడండి. ఆమె పాళెం బయట ఉన్న ఏడు రోజులూ జనం అంతా ప్రయాణం ఆపుకుని కూర్చున్నారు. ఒక్క మనిషి అన్న మాటకు అంతమంది ఆగారు. మన కార్యక్రమాల్లో ఒక ఆదివారం ఆగండి. పాటలు రెండు తగ్గించండి. ప్రసంగం వద్దు. సాక్ష్యాల సమయం తెరిచి, మీరు ముందు నిలబడండి. మీరు అన్న మాట ఏమిటి, ఎవరిని అన్నారు, ఎవరికి ఇల్లు అద్దెకివ్వవద్దన్నారు, ఎవరి గ్లాసు వేరే పెట్టారు, పేర్లు కాకపోయినా పని చెప్పండి. మీరు నిలబడితే కుర్రాళ్ళు నిలబడతారు. మీరు కూర్చుంటే వాళ్ళు కూర్చుంటారు, పన్నెండేళ్ళు నేను కూర్చున్నట్టు.

ఆ పెద్దాయన కోసం వెతికాను. చుట్టుపక్కల ఉన్న నల్లజాతి సంఘాలు మూడింటికి వెళ్ళి అడిగాను. దొరకలేదు. దొరికినా ఆయన నన్ను క్షమించి తీరాలని లేదు, ఆ భారం ఆయన మీద పెట్టే హక్కు నాకు లేదు. ఆ మూడింటిలో ఒకదానికి ఇప్పుడు పొద్దున పూట వెళ్తున్నాను. మొదటి రోజు అక్కడ తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని రెండో వరసలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. నా పేరు అడిగింది. ఎలా పలకాలో రెండుసార్లు అడిగి నేర్చుకుంది.

మా సంఘ పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే నెల మొదటి ఆదివారం సాక్ష్యాల సమయంలో నాకు పది నిమిషాలు ఇవ్వండి. మన పిల్లలకూ అర్థం కావాలి కాబట్టి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెబుతాను. పాత లెక్కల పుస్తకాలు ఇంకా మా గరాజ్‌లోనే ఉన్నాయి. ఆ పేజీ వెతికి పెట్టుకున్నాను. పుస్తకం పట్టుకుని వస్తాను.

ప్రభువునందు,
మీ సహోదరుడు,
షార్లెట్ నుంచి